గుట్ట లేని ఎలుగు కథలు

మన పత్రికల్లో ఎలుగుబంటి వార్తకు ఒక అచ్చు ఉంది. ‘జనావాసాల్లోకి ఎలుగుబంటి’ అనో, ‘ఎలుగు హల్‌చల్’ అనో శీర్షిక. లోపల వాక్యాలు దాదాపు ఎప్పుడూ అవే. తెల్లవారుజామున ఎవరో చూశారు. కుక్కలు మొరిగాయి. జనం పరుగులు తీశారు. అటవీ సిబ్బంది వచ్చి, మత్తుమందు ఇచ్చి, వలవేసి పట్టుకున్నారు. ఊరు ఊపిరి పీల్చుకుంది. అక్కడితో వార్త అయిపోతుంది. ఈ వాక్యాలన్నిటిలో పనిచేసేది ఎలుగే. వచ్చింది, చొరబడింది, బీభత్సం చేసింది, దాడికి దిగింది. ఎక్కడి నుంచి వచ్చిందంటే ‘సమీప అటవీ ప్రాంతం నుంచి’ అని రెండు ముక్కలు. ఆ ప్రాంతం ఇప్పుడు ఎలా ఉందో ఒక్క వాక్యం కూడా ఉండదు.

అదే పత్రిక జిల్లా పేజీలో ఇంకో రకం వార్త వస్తుంది. సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలం లక్డారం పేరు ఇలాంటి వార్తల్లో చాలాసార్లు చూశాం. క్వారీల్లో పేలుళ్లు, క్రషర్ల దుమ్ము, రాత్రీ పగలూ తిరిగే టిప్పర్లు, చెడిపోయిన రోడ్లు, గ్రామస్థుల ఫిర్యాదులు. ఇవి అవసరమైన వార్తలే. కానీ వీటిలో గుట్ట అంటే రాయి మాత్రమే. దాని మీద చెట్టు గానీ, దాని సందుల్లో బతికిన జీవి గానీ కనిపించదు.

ఎలుగు వార్తలో గుట్ట ఉండదు. గుట్ట వార్తలో ఎలుగు ఉండదు. ఒకే కథను మధ్యకు కోసి, సగం ఒక పేజీలో, సగం ఇంకో పేజీలో వేసినట్టుంది. ఈ కోత వార్తల్లోనే కాదు, మన పాఠాల్లో, బొమ్మల్లో, ప్రభుత్వ రికార్డుల్లో, కొంతవరకు మన ఆదివాసీ రచనల్లో కూడా ఉంది. ఆ కోత ఎక్కడెక్కడ పడిందో చూపడమే ఈ వ్యాసం పని.

ముందే ఒక మాట. లక్డారంలో ఈరోజు ఎలుగులున్నాయని మేము అనడం లేదు. ఆ ఊరిని ఎంచుకోవడానికి కారణం వేరు. గుట్ట కంకరగా మారే పని మొదటి నుంచి చివరిదాకా కళ్లముందు కనిపించే చోటు అది. పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం పరిశ్రమల్లో పనికి వచ్చిన తండాల పిల్లలు, గూడేల పిల్లలు ఆ దారిన పోయే టిప్పర్లను రోజూ చూస్తారు. ఎలుగు కథలో చిరిగిపోయిన పేజీ చదవాలంటే అక్కడి నుంచి చదవచ్చు.

బడిలో చెప్పే ఎలుగు

మన పిల్లలకు మొదట పరిచయమయ్యే ఎలుగు ఈసపు కథలోది. ఇద్దరు స్నేహితులు అడవిలో పోతుంటే ఎలుగు ఎదురవుతుంది. ఒకడు చెట్టెక్కుతాడు. రెండోవాడు ఊపిరి బిగబట్టి చచ్చినట్టు పడుకుంటాడు. ఎలుగు వాసన చూసి వెళ్లిపోతుంది. ఆపదలో వదిలేసేవాడు స్నేహితుడు కాడని నీతి.

ఇది గ్రీకు దేశం నుంచి వచ్చిన కథ. నీతి మంచిదే. మన అభ్యంతరం నీతి మీద కాదు. ఆ కథలో ఎలుగు ఎక్కడి నుంచి వస్తుంది? తెలియదు. ఎందుకు వస్తుంది? తెలియదు. ఏం తింటుంది, పిల్లలున్నాయా, ఎటు పోయింది? ఏదీ తెలియదు. ఇద్దరు మనుషుల స్నేహాన్ని పరీక్షించడానికే పుట్టిన జంతువు అది. పని అయిపోగానే మాయమవుతుంది. తరగతిలో మొదటిసారి విన్న ఈ పద్ధతే పెద్దయ్యాక వార్త రాసేటప్పుడు కూడా చేతిలోకి వస్తుంది.

ఇంకొకటి, మన గుట్టల్లోని ఎలుగుకు ఈ కథ అసలు పొసగదు. మన ఎలుగు చెట్టు బాగా ఎక్కుతుంది. తేనెపట్టు కోసం ఎంత ఎత్తుకైనా పాకుతుంది. తేనె తీసే కుటుంబాల్లో ఈ సంగతి తెలియని పిల్లవాడు ఉండడు. చెట్టెక్కినవాడు బతికాడని పాఠం చెబుతుంటే వెనక బెంచీలో కూర్చున్న ఆదివాసీ పిల్ల నవ్వుకోవాలి. కానీ నవ్వదు. పుస్తకంలో ఉన్నది నిజం, ఇంట్లో విన్నది ఏదో పాతమాట అని బడి అప్పటికే నేర్పేసి ఉంటుంది. ఈ చిన్న చోటులోనే పెద్ద నష్టం ఉంది. అవ్వకు తెలిసిన అడవి చదువు పరీక్షలో మార్కు తేదు.

ఆ అవ్వ చెప్పేది ఏమిటి? పొద్దు పొడవకముందు ఒంటరిగా పోవద్దు. గుంపుగా పోండి. మాట్లాడుకుంటూ, కర్రతో చప్పుడు చేసుకుంటూ పోండి. పుట్ట తవ్విన మట్టి పచ్చిగా కనిపిస్తే దారి మార్చండి. పిల్లలున్న తల్లి జోలికి పోవద్దు. ఇవన్నీ ఎలుగు ఎలా బతుకుతుందో చూసి కట్టిన మాటలు. ఎలుగుల మీద పనిచేసే శాస్త్రజ్ఞులు అడవి అంచు ఊళ్లకు చెప్పే జాగ్రత్తలు కూడా ఇలాంటివే.

బద్ధకం అని పేరు పెట్టారు

మన నల్ల ఎలుగుకు ఇంగ్లీషులో ‘స్లాత్ బేర్’ అని పేరు. స్లాత్ అంటే దక్షిణ అమెరికా చెట్లకు వేలాడే, మెల్లగా కదిలే వేరే జంతువు. 1791లో జార్జ్ షా అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త మన ఎలుగు పొడవాటి గోళ్లను, పళ్ల వరుసను చూసి దాన్ని ఆ స్లాత్ జాతిలో కలిపాడు. తర్వాత అది ఎలుగేనని తేలింది. జాతి మార్చారు గానీ పేరు అలాగే ఉండిపోయింది. ‘స్లాత్’ అనే మాటకు ఇంగ్లీషులో బద్ధకం అనే అర్థం కూడా ఉంది. రాత్రంతా పుట్టలు తవ్వే జంతువు మీద బద్ధకం ముద్ర పడింది. ఆదివాసుల మీద కూడా బయటివాళ్లు ఇదే ముద్ర వేశారు. దూరం నుంచి చూసి పెట్టిన పేర్లు ఎంత గట్టిగా అతుక్కుంటాయో మనకు చెప్పనక్కర్లేదు.

ఆ శాస్త్రవేత్తను తికమకపెట్టిన పళ్ల కథ వింటే ఎలుగు బతుకు తెలుస్తుంది. పై దవడలో ముందు వరుస మధ్య రెండు పళ్లు దానికి ఉండవు. ఆ సందులోంచి చెదలను పీల్చుకుంటుంది. పొడవాటి గోళ్లతో పుట్టను తవ్వి, మూతి పెట్టి, ముందు మట్టిని ఊది, తర్వాత చెదలను లోపలికి లాగుతుంది. దుమ్ము పోకుండా ముక్కురంధ్రాలు మూసుకోగలదు. ఆ పీల్చే చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. తన చప్పుడులో తానుండగా మనిషి అడుగుల శబ్దం దానికి వినపడదు. చూపు కూడా అంత చురుకైంది కాదు. అందుకే ఒక్కసారిగా మనిషి దగ్గర్లో కనిపిస్తే బెదిరి మీదపడుతుంది. తినడానికి కాదు. అయినా ఆ గోళ్ల దెబ్బ ముఖం మీద, తల మీద పడితే మనిషి జీవితాంతం దాన్ని మోయాలి.

చెదలు, చీమలు కాక పండ్లు దాని ముఖ్యమైన తిండి. రేగు, తునికి, నేరేడు, మేడి, రేలకాయ, ఇప్పపువ్వు. మన అడవి సంతలో అమ్ముడుపోయే సరుకు పట్టికకూ దీనికీ పెద్ద తేడా లేదు. తిన్న పండ్ల గింజలను పెంటలో దూరదూరాన వదులుతుంది. అక్కడ కొత్త మొక్కలు లేస్తాయి. తల్లి ఎలుగు పిల్లలను వీపు మీద మోసుకు తిరుగుతుంది. చలికాలంలో గుట్ట రాళ్ల సందుల్లో, గుహల్లో ఈనుతుంది. పిల్లలు రెండు మూడు నెలలు ఆ చీకట్లోనే పెరుగుతాయి. అంటే ఎలుగుకు కావలసినవి మూడు. పండ్ల చెట్లున్న పొదల అడవి, పుట్టలున్న నేల, ఈనడానికి రాతిగుట్ట. ఒక్కటి పోయినా మిగతా రెండూ చాలవు.

ఇప్పుడు మన పిల్లల చేత ఎలుగు బొమ్మ గీయించి చూడండి. గోధుమరంగు, బొద్దు పొట్ట, చేతిలో తేనెకుండ. టీవీ కార్టూన్‌లోది, దుకాణంలో దొరికే దూది బొమ్మ. ఛాతీమీద తెల్లటి వంపు గీత, దుమ్ముపట్టిన పొడవాటి నల్లజుట్టు, వీపు మీద పిల్లలు ఉన్న ఎలుగును గీసే పిల్లలు తక్కువ. కిప్లింగ్ 1894లో అచ్చువేసిన ‘జంగిల్ బుక్’లో బలూ మన మధ్య భారతపు అడవుల ఎలుగే. సినిమాలు, కార్టూన్లు దాన్ని ఎక్కడి ఎలుగో చేసేశాయి. భారత ఉపఖండంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని జంతువు మన పిల్లలకే పరాయిదయింది. అది మొత్తం 20,000 లోపే మిగిలి ఉంటుందని ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం అంచనా. అంతరించే ప్రమాదం ఉన్న జాతుల జాబితాలో అది ఉంది.

గుహను మరవని పాత కథ

బయటి నుంచి వచ్చిన కథలు ఎలుగుకు ఇల్లు లేకుండా చేస్తే, తెలుగువాళ్లు ప్రతి ఏటా వినే ఒక కథలో మాత్రం ఎలుగు ఇల్లు ఉంది. వినాయక చవితినాడు అక్షింతలు చేతిలో పెట్టుకుని వినే శమంతకోపాఖ్యానం అది. పోతన భాగవతంలో కూడా ఉంది. దాన్ని మనం భక్తితో విన్నాం. ఒకసారి అడవివైపు నిలబడి కూడా చదువుదాం.

శమంతకం వెలగల మణి. దాన్ని మెడలో వేసుకుని ప్రసేనుడు వేటకు పోతాడు. సింహం అతన్ని చంపి మణిని తీసుకుంటుంది. ఆ సింహాన్ని జాంబవంతుడు చంపి, మణిని తన గుహకు తెచ్చి పసిబిడ్డ ఆటవస్తువుగా పెడతాడు. మణి పోయిందన్న నింద కృష్ణుడి మీద పడుతుంది. నింద మాపుకోవడానికి ఆయన జాడ పట్టుకుని అడవికి వస్తాడు. వెంట వచ్చిన జనాన్ని గుహ బయట ఉంచి లోపలికి పోతాడు. ఇరవై ఎనిమిది రోజులు పోరు. చివరికి జాంబవంతుడు వచ్చినవాడు ఎవరో గుర్తించి, మణిని, కూతురు జాంబవతిని కూడా ఇచ్చి పంపుతాడు.

ఈ కథ ఎంత పాతదైనా కొన్ని సంగతులు దాచలేదు. ఎలుగు ఊరికి పోలేదు. ఊరే రాయి వెతుక్కుంటూ గుహకు వచ్చింది. ఊళ్లో ఆ రాయికి వెల ఉంది. దాని కోసం నిందలు, హత్యలు, అనుమానాలు ఉన్నాయి. గుహలో అది బిడ్డ ఆడుకునే వస్తువు. ఒకే రాయికి రెండు లోకాల్లో రెండు విలువలు. పోరు ముగిశాక రాయి ఊరికి పోయింది, గుహలోని ఆడపిల్ల కూడా పోయింది. గుహలో మిగిలినవాళ్ల గురించి కథ తర్వాత మాట్లాడదు. భక్తులకు ఇది మామ అల్లుళ్ల శుభకథ. ఆ అర్థాన్ని మేము కాదనం. కానీ గుట్టను అమ్ముకుంటున్న కాలంలో ఈ కథ చదివే పిల్లలు గుహ లోపలివైపు నుంచి కూడా ఒక ప్రశ్న వేయాలి. రాయి ఎవరిది, దాన్ని చూసే కళ్లు ఎన్ని రకాలు?

రామాయణంలో ఈ జాంబవంతుడే సముద్రం ఒడ్డున హనుమంతుడికి అతని బలం గుర్తుచేసిన పెద్దమనిషి. తెలుగు సంప్రదాయం ఎలుగును జ్ఞాపకం ఉన్న వృద్ధుడిగా గౌరవించింది. ఆ గౌరవం నుంచి ‘ఎలుగు హల్‌చల్’ దాకా మాట ఎలా దిగిందో ఆలోచించాలి. పాత కథకుడు కనీసం గుహను పేజీలో ఉంచాడు. ఈనాటి విలేకరి దాన్ని కూడా తీసేశాడు.

లక్డారం చెప్పే సగం

గుట్టకు ఈ కాలంలో ఏం జరుగుతుందో ఇప్పుడు చూద్దాం. దక్కను రాతినేల మీద గుట్టలు ఒంటిగా, బండ మీద బండ పేర్చినట్టు ఉంటాయి. బండల సందుల్లో నీడ ఉంటుంది, వాన నీరు నిలుస్తుంది, మట్టి చేరుతుంది. అందులో సీతాఫలం, రేగు, రేల, మర్రి, మేడి పెరుగుతాయి. అడుగున పుట్టలుంటాయి. చిన్న గుట్ట కూడా ఒక చిన్న అడవే.

క్వారీ పని గుట్ట పైనున్న చెట్టూ మట్టీ తొలగించడంతో మొదలవుతుంది. తర్వాత కంప్రెసర్ పెట్టి రాతిలో రంధ్రాలు వేస్తారు. పేలుడు మందు దట్టించి పేలుస్తారు. పడిన రాయి క్రషర్‌కు పోతుంది. నలభై ఎంఎం, ఇరవై ఎంఎం, డస్ట్ అని వేరుపడి టిప్పరెక్కుతుంది. నగరం పెరిగేకొద్దీ పునాదికి, స్లాబుకు, రోడ్డుకు ఈ కంకరే కావాలి. గుట్ట ఉన్నచోట చివరికి లోతైన గుంత మిగులుతుంది. నరికిన అడవిని మళ్లీ నాటామని చెప్పుకోవచ్చు. పోయిన గుట్టను తిరిగి నిలబెట్టే పథకం ఏ శాఖ దగ్గరా లేదు.

లక్డారం చుట్టుపక్కల భూమి ఈ పాఠాన్ని రెండుసార్లు చదివింది. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతంలో వెలసిన ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులో కలిసి మంజీరకు చేరింది. రైతుల పొలాలు, బావులు పాడయ్యాయి. 1990లో ఆ కేసు సుప్రీంకోర్టు మెట్లెక్కింది. నక్కవాగు అని ఆ వాగుకు పేరు పెట్టినవాళ్లు అక్కడ నక్కలు నీళ్లు తాగడం చూసే పెట్టి ఉంటారు. ఇప్పుడా పేరు ఎక్కువగా కాలుష్య నివేదికల్లో కనిపిస్తుంది. మన ప్రాంతాల్లో జంతువుల పేర్లున్న గుట్టలు, వాగులు, ఊళ్లు ఎన్నో. జంతువు పోయాక కూడా పేరు చాలాకాలం ఉంటుంది. అదే ఆ నేల మొదటి రికార్డు. దాన్ని చదవడం నేర్పే పాఠం మన బడిలో లేదు.

రెండో రికార్డు రెవెన్యూ కార్యాలయంలో ఉంటుంది. అక్కడ మాట మారిపోతుంది. అటవీ హద్దుల బయట ఉన్న గుట్ట ఆ కాగితంలో ‘పోరంబోకు’, ‘బంజరు’, ‘సాగుకు పనికిరానిది’. ఒకసారి పనికిరానిదని రాశాక, దాన్ని పగలగొట్టి అమ్మడం ఊరికి మేలు చేసినట్టే కనిపిస్తుంది. చట్టంలోని విచిత్రం ఇక్కడే ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఎలుగుకు పులితో సమానమైన రక్షణ ఉంది. దాన్ని చంపితే జైలు. కానీ అది ఈనే గుట్ట అటవీ భూమి కాకపోతే, అదే ప్రభుత్వంలోని ఇంకో శాఖ దాన్ని గనిగా లీజుకు ఇవ్వగలదు. ఎలుగు చర్మానికి కాపలా ఉంది, ఎలుగు ఇంటికి లేదు. ‘పోరంబోకు’ అన్న ఒక్క మాట ఇంత పని చేస్తుంది. అందుకే విమర్శకులు కథలు, కవితలతో ఆగకుండా పహాణీలు కూడా చదవాలని మేమంటాం.

రెండు సగాలు కలిపి చదివితే

ఇప్పుడు మొదట చెప్పిన వార్తల దగ్గరికి వెళ్దాం. 2023లో కరీంనగర్ శివారు రేకుర్తి కాలనీల్లో ఎలుగు కనిపించింది. మత్తుమందిచ్చి పట్టుకున్నారు. వీడియోలు తెగ తిరిగాయి. కరీంనగర్ గ్రానైట్‌కు పేరున్న జిల్లా. అక్కడి గుట్టల రాయి దిమ్మెలుగా కోయబడి, కాకినాడ రేవు దాటి చైనా దాకా పోయింది. ఏళ్ల తరబడి గుట్టలు తరిగిన చోట గుట్టలో ఉండే జంతువు కాలనీలో కనబడితే, దాన్ని వింతగా కాక పర్యవసానంగా రాయాలి. ఎవరి గుట్ట వల్ల ఏ ఎలుగు కదిలిందో ఒక్కొక్కటిగా లెక్కతేల్చలేకపోవచ్చు. అయినా ఆ ప్రశ్న వార్తలో ఉండాలి కదా.

శ్రీకాకుళం ఉద్దానం కథ ఇంకా బరువైనది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడిలో ఒకరు చనిపోయారు. మరుసటి రోజు ఆరుగురు గాయపడ్డారు. తర్వాత ఆ ఎలుగును పట్టుకున్నారు. విశాఖ జూకు తరలిస్తుండగా అదీ చచ్చిపోయింది. ఉద్దానం అంటే జీడిమామిడి, కొబ్బరి, పనస తోటల సీమ. అక్కడ తోటకూ కొండకూ మధ్య గీత సన్నం. మనుషులూ ఎలుగులూ అదే చెట్ల నీడన, అదే వేళకు తిరుగుతారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటలను కూల్చేసింది. చెట్టు కూలితే రైతు ఆదాయం ఎలా కూలిందో చాలామంది రాశారు. ఆ చెట్ల కింద తిరిగిన జంతువుల తిండి ఏమైందని అడిగినవాళ్లు తక్కువ.

ఇక్కడ మేము ఒక మాట గట్టిగా చెప్పాలి. చనిపోయిన మనిషిని పక్కనబెట్టి ఎలుగు మీద జాలి కురిపించే రాత కూడా మనకు పనికిరాదు. నగరాల్లో కూర్చుని ‘జంతువులవైపు’ రాసేవాళ్లలో ఈ లోపం ఉంది. తెల్లవారుజామున తోటకు పోయేవాళ్లు, ఇప్పపువ్వు ఏరుకునే ఆడవాళ్లు, మేకలకాపరులు, వీళ్లే ఎలుగు ఎదురయ్యేవాళ్లు. క్వారీ లీజు సంతకం పెట్టినవాడికి ఎలుగు ఎదురు కాదు. గుట్ట లాభం ఒకచోటికి పోతుంది, గుట్ట పోయిన దెబ్బ ఇంకొకచోట పడుతుంది. దెబ్బ తగిలిన మనిషీ, బోనులో చచ్చిన ఎలుగూ ఒకే లెక్కలో ఒకేవైపు ఉన్నారు. వాళ్లిద్దరినీ శత్రువులుగా నిలబెట్టే వార్త, లెక్క రాసినవాడిని కనబడకుండా చేస్తుంది.

దానికి ఎదురుగా ఇంకో కథ కూడా తిరుగుతోంది. ఎలుగులు బతకాలంటే అడవిలోంచి మనుషులను ఖాళీ చేయించాలని. ఇదీ సగం కథే. గుట్టను పగలగొట్టినవాడు గూడెంవాడు కాదు. కర్ణాటకలో హంపీ దగ్గర దరోజీలో 1994లో ఎలుగుల కోసమే అభయారణ్యం ఏర్పాటు చేశారు. అది దట్టమైన అడవేమీ కాదు. మన గుట్టల్లాంటి బండరాళ్ల గుట్టలు, ముళ్లపొదలు. ‘పనికిరాని’ రాతినేలే ఎలుగుకు ఇల్లని అక్కడి ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకుంది. తెలంగాణలో ఎలుగు పేరు మీద అలాంటి చోటు ఒక్కటీ లేదు.

మన రాతల్లో ఏముంది

ఇతరుల రాతను విమర్శించి మన రాతను వదిలేస్తే అది విమర్శ కాదు. ఆదివాసీ కవితల్లో అడవి తరచూ తల్లిగా వస్తుంది, జంతువులు తోబుట్టువులుగా వస్తాయి. ఆ మాటల వెనక నిజమైన బంధం ఉంది. కానీ ‘అడవితల్లి’ అన్న మాట ఎంత వాడితే అంత అరిగిపోతుంది. ఏ గుట్ట, ఏ వాగు, ఏ చెట్టు అని పేరు లేనప్పుడు ఆ కవిత ఆదిలాబాద్‌కూ సరిపోతుంది, అరకుకూ సరిపోతుంది. అంటే దేనికీ గట్టిగా అంటుకోదు. కోర్టులో, గ్రామసభలో, పత్రికలో నిలబడేది పేరున్న గుట్టే.

తండాల నుంచి, గూడేల నుంచి రాస్తున్న కొత్త పిల్లలకు మా సూచన ఇదే. ఎలుగు మీద కథ రాస్తే, అది ఈనే రాతిసందు ఎక్కడుందో రాయండి. ఏ నెలలో ఏ పండు కోసం ఏ దారిన దిగుతుందో మీ ఇంటి పెద్దలను అడిగి రాయండి. మీ భాషలో ఎలుగుకున్న పేరు రాయండి. గోండి, కొలామీ, కోయ, లంబాడీ, సవర మాటల్లో దానికి వేర్వేరు పేర్లు, వేర్వేరు పిలుపులు ఉన్నాయి. దాన్ని పేరెత్తి పిలవకూడని వేళ ఏదైనా ఉంటే, అది ఎందుకో రాయండి. ఇప్పచెట్టు కింద ఆకులు తగలబెట్టడం వల్ల పుట్టలకు, పొదలకు ఏమవుతుందో కూడా దాచకుండా రాయండి. గుట్ట మీద లీజు ఉంటే ఎప్పుడిచ్చారో, గ్రామసభ ఏమందో రాయండి. ఎలుగు చేతిలో గాయపడినవాళ్లు మీ ఊళ్లో ఉంటే, వాళ్లు ఒప్పుకుంటే, వాళ్ల మాటను వాళ్ల మాటలోనే రాయండి. వాళ్లలో చాలామంది ఎలుగును తిట్టరు. తాము ఏ దారిన పోయి ఉండకూడదో చెబుతారు. ఆ మాటలో ఉన్న వివేకం మన సాహిత్యంలోకి ఇంకా పూర్తిగా రాలేదు.

గుట్టను రాయడానికి ఒక పుస్తకం

ఉపాధ్యాయులకు చివరి మాట. ఈ రెండు సగాల కథను కుట్టే పని బడిలో మొదలుపెట్టవచ్చు. దానికి చట్టంలోనే ఒక పుస్తకం ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఆ కమిటీ ప్రజలతో కలిసి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారుచేయాలి. ఊరి చెట్లు, జంతువులు, గుట్టలు, నీటి చోట్లు, వాటి గురించి పెద్దలకు తెలిసిన విద్య అందులో ఎక్కాలి. షెడ్యూల్డు ప్రాంతమైనా కాకపోయినా ప్రతి పంచాయతీకీ ఇది వర్తిస్తుంది. మన తండాలు చాలావరకు షెడ్యూల్డు ప్రాంతం బయటే ఉన్నాయి. 1996 పెసా చట్టం, 1997 సమతా తీర్పు గనుల లీజుల విషయంలో ఇచ్చిన అండ వాటికి లేదు. ఆ ఊళ్లకు ఈ రిజిస్టరు మరింత ముఖ్యం. అడవి ఉన్న గూడేలకు 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అటవీ వనరులను కాపాడుకునే హక్కు కూడా ఇచ్చింది. చాలా పంచాయతీల్లో ఆ రిజిస్టరు ఉందో లేదో జనానికే తెలియదు. ఉన్నచోట కూడా దాన్ని ఎవరు నింపారో తెలియదు.

తొమ్మిదో తరగతి పిల్లల చేతికి ఒక నోటుపుస్తకం ఇవ్వండి. ఊరి చుట్టూ ఉన్న ప్రతి గుట్ట పేరు, ఆ పేరెలా వచ్చిందో, మీద ఏ చెట్లున్నాయో, ఏ జంతువు జాడ ఎవరు ఎప్పుడు చూశారో రాయించండి. గుట్ట పోయి గుంత మిగిలిన చోట ఆ గుట్ట పేరూ, పోయిన ఏడూ రాయించండి. గుహల దగ్గరికి పిల్లలను పంపకండి, పెద్దలను అడిగి రాయమనండి. తల్లి ఎలుగు ఈనే చోటు వేటగాళ్లకు చిరునామా కాకూడదు కాబట్టి ఆ వివరం కమిటీ దగ్గరే ఉంచండి. పుస్తకం నిండాక దాన్ని గ్రామసభలో చదివించి, రిజిస్టరులో ఎక్కించమని తీర్మానం అడగండి. సాహిత్యం పేరుతో మనం చేసే పనుల్లో ఇది చిన్నదిగా కనిపించవచ్చు. కానీ రేపు ఎవరైనా ఆ గుట్టను ‘పోరంబోకు’ అని రాసి లీజుకు పెడితే, అది ఎవరి ఇల్లో ముందే రాసిన కాగితం ఒకటి పంచాయతీ బీరువాలో ఉంటుంది.